కలంకారీ రంగుల్లో చేతి సబ్బు: క్షారంలో నిలిచే, చర్మానికి హాని చేయని రంగులను ఎంచుకోవడం

సబ్బును చేతితో చేయడం నేర్చుకున్నవారిలో ఎక్కువమంది రెండో మూడో విడతకే రంగుల మీద మనసు పడతారు. పెరట్లో పూసిన మందారం, వంటింట్లోని పసుపు, పూజాసామగ్రి కొట్లోని కుంకుమ, ఆన్‌లైన్ అంగళ్లలో తళతళలాడే పొడుల పొట్లాలు అన్నీ వాడదగినవిగానే కనిపిస్తాయి. అచ్చులో పోసిన రోజు ముచ్చటగా ఉన్న రంగు నెల తిరిగేసరికి మట్టిరంగులోకి దిగిపోవడం నిరాశ కలిగిస్తుంది; ఏమి కలిసి ఉందో తెలియని రంగును రోజూ ఒంటికి రుద్దుకోవడం అంతకన్నా ఆలోచించవలసిన సంగతి. అందువల్ల సబ్బులో వేయదలచిన ప్రతి రంగు గురించీ రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఇది చర్మానికి సురక్షితమా? ఇది క్షారంలో నిలుస్తుందా? మొక్క నుంచి వచ్చిందన్న సమాధానం ఈ రెండు ప్రశ్నల్లో దేనికీ సరిపోదు.

ఈ వ్యాసంలో ఒకే ఒక సబ్బును మొదటి నుంచి చివరి వరకు చేసుకుంటూ వెళ్దాం. దాని రంగులు కలంకారీ వస్త్రం నుంచి తీసుకున్నవి: లేత గోధుమవన్నె నేల, దాని మీద నల్లని గీత, ఇటుక ఎరుపు, ముదురు నీలం. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవారైనా, మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దేవారైనా చాలాకాలంగా ఈ కొద్ది రంగులతోనే ఎన్నో బొమ్మలు పలికిస్తున్నారు. సబ్బు చేసేవారికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. రంగులు తక్కువైనప్పుడే గీతకు, ఖాళీకి, రంగుల మధ్య పాళ్లకు విలువ పెరుగుతుంది. ఆరేడు రంగులు పోసి తిప్పిన సబ్బు కోసి చూస్తే ఎవరు చేసినదైనా ఒకేలా ఉంటుంది.

మీ సబ్బు కలంకారీ కానక్కరలేదు. పోచంపల్లి చీర అంచు కావచ్చు, నల్లరేగడి నేల పక్కన పూసిన తంగేడు కావచ్చు, అమ్మమ్మగారి ఊళ్లో జాజుతో అలికిన అరుగు మీది తెల్లని ముగ్గు కావచ్చు. మీకు బాగా తెలిసిన వస్తువును ఒకదాన్ని ఎంచుకొని పగటి వెలుతురులో చూసి, అందులో నేలరంగు కాక మూడు రంగులకు మించకుండా ఏరుకోండి. ఫోన్ తెర మీది ఫొటోను నమ్మకండి, తెర ప్రతి రంగునూ కొంత మెరిపించి చూపిస్తుంది. ఆ తరువాత సబ్బు ముక్క అడ్డుకోత ఎలా ఉండాలో కాగితం మీద దాని అసలు కొలతలోనే గీసి రంగులు వేసుకోండి. మీ ఊహ సబ్బులో సాధ్యమో కాదో ఈ బొమ్మే ముందుగా చెబుతుంది. తల వెంట్రుకంత సన్నని గీతలు, ముఖాలు, అక్షరాలు పోతతో రావు. పొరలు, సుడులు, మచ్చలు, ఒకటి రెండు గీతలు బాగా వస్తాయి.

వస్త్రంలో నిలిచిన రంగు సబ్బులో ఎందుకు నిలవదు

కలంకారీ నూలును మొదట కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెడతారు. నలుపు కోసం ఇనుప ముక్కలను బెల్లంతో పులియబెట్టి కసిమి తయారుచేస్తారు. ఎరుపు పట్టవలసిన చోట పటిక ద్రావణం పూసి, తరువాత చిరివేరు లేదా మంజిష్ఠ వేసి కాచిన నీటిలో ఉడికిస్తారు. కరక్కాయలోని ఒగరు పదార్థం, పటికలోని లోహం కలిసి రంగును నూలుపోగుకు కట్టివేస్తాయి కాబట్టే అది ఉతుకులకు తట్టుకుంటుంది. సబ్బులో అటువంటి కట్టు ఏదీ లేదు. అక్కడ రంగు సన్నని పొడిగా తేలుతూనో, నూనెలో కరిగో ఉంటుంది. పైగా నూనెను సబ్బుగా మార్చేది కాస్టిక్ సోడా కాబట్టి అది ఉండేది గట్టి క్షారంలో. పచ్చి సబ్బు మిశ్రమం చర్మాన్ని కాల్చగలిగినంత క్షారగుణంతో ఉంటుంది. పూర్తిగా ఆరిన సబ్బు పీహెచ్ కూడా 9, 10 మధ్య ఉంటుంది. కాబట్టి వస్త్రంలో తరాలపాటు నిలిచిన రంగు సబ్బులోనూ నిలుస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. ప్రతిదాన్నీ కొత్తగా పరీక్షించుకోవలసిందే.

క్షారం రంగును ఎలా మారుస్తుందో తెలుగు ఇళ్లలో అందరికీ అనుభవమే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. సబ్బు మిశ్రమంలో వేసిన పసుపు కూడా మొదట ఎర్రని నారింజగా మారి, వారాలు గడిచి క్షారం తగ్గుతున్నకొద్దీ తేనెవన్నెకు వస్తుంది. వెలుతురు తగిలితే క్రమంగా పాలిపోతుంది. అర కిలో నూనెలకు అర చెంచా మించితే గరుకుదనం, తువ్వాలుకు మరక తప్పవు.

మందారం, శంఖుపుష్పం, ఎర్ర క్యాబేజీ వంటి వాటిలోని నీలం, ఎరుపు, ఊదా రంగులు క్షారంలో మొదట ఆకుపచ్చగానో పసుపుగానో తిరిగి చివరకు గోధుమరంగులో తేలతాయి. శంఖుపుష్పం నీళ్లతో నీలి సబ్బు చేయబోయి బూడిదవన్నె సబ్బు తీసినవారు ఎందరో. బీట్‌రూట్ గులాబీరంగు కూడా అలాగే పోతుంది. వేప, మునగ, పాలకూర ఆకుల పొడులు తొలివారాల్లో చక్కని ఆకుపచ్చనిచ్చి, తరువాత ఎండుటాకు వన్నెకు దిగుతాయి. సబ్బు పైన చల్లిన గులాబీ రేకులు, లావెండర్ మొగ్గలు తడి క్షారం తగిలి కమిలిపోతాయి. క్యాలెండులా రేకులు మాత్రం పసుపుగానే నిలుస్తాయి, అయితే అది మన బంతిపువ్వు కాదన్నది గుర్తుంచుకోవాలి.

నిలిచే మొక్కల రంగులు కొన్ని ఉన్నాయి. జాఫ్రా గింజలను ఆలివ్ నూనెలో వేసి సన్నని సెగ మీద గంటసేపు ఉంచినా, సీసాలో కొన్ని వారాలు నానబెట్టినా నూనె నారింజరంగుకు వస్తుంది; దాన్ని మొత్తం నూనెల్లో భాగంగా వాడితే లేత పసుపు నుంచి నారింజ దాకా కావలసిన వన్నె దొరుకుతుంది. మంజిష్ఠ పొడి గులాబీ నుంచి ఇటుక ఎరుపు దాకా ఇస్తుంది, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలోనే వేస్తే వన్నె మరింత గాఢంగా వస్తుంది. రతన్‌జోత్ వేరు నూనెలో ఎర్రగా దిగినా, క్షారం కలిసిన వెంటనే ఊదా నుంచి బూడిద నీలానికి మారుతుంది. దాన్ని ఎరుపుగా కాక ఊదాగా లెక్కవేసుకుంటే నిరాశ ఉండదు.

నీలి విషయంలో కొట్టువాడిని స్పష్టంగా అడిగి తీసుకోవాలి. జుట్టుకు పెట్టుకునే నీలి ఆకు పొడి పచ్చని పొడి, దానితో సబ్బుకు సరైన నీలం రాదు. ఆకుల నుంచి తీసిన ముదురు నీలి ముద్దనో, దాని మెత్తని పొడినో అడగాలి. తెల్లబట్టలకు వేసే నీలిమందు పూర్తిగా వేరే వస్తువు, అది చర్మం కోసం చేసినది కాదు. నిజమైన నీలి క్షారంలో కరగాలంటే అద్దకం తొట్టిలో జరిగినట్టు ప్రాణవాయువును తీసివేసే చర్య కూడా జరగాలి. సబ్బులో సాధారణంగా అది జరగదు కాబట్టి నీలి అక్కడ సన్నని నీలపు రేణువులుగానే ఉండి, బూడిద కలిసిన నీలాన్ని ఇస్తుంది.

పొట్లం మీది సీఐ సంఖ్య

మొక్కల రంగులతో కలంకారీ నలుపు, ముదురు నీలం పూర్తిగా సాధించడం కష్టం. అక్కడ ఖనిజ వర్ణకాలు అవసరమవుతాయి. ఇనుప ఆక్సైడ్ సహజంగా భూమిలో దొరుకుతుంది, గోడలకు పూసే జాజు, కావి అవే. అయితే తవ్వి తీసిన మట్టిలో సీసం, ఆర్సెనిక్ వంటివి ఎంత ఉన్నాయో కంటితో చూసి చెప్పలేము. సౌందర్య సాధనాలకు వాడే ఇనుప ఆక్సైడ్‌ను అందుకే ప్రయోగశాలలో తయారుచేస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం అందులో సీసం పది లక్షల భాగాలకు 10 భాగాలు, ఆర్సెనిక్ 3, పాదరసం 3 భాగాలు మించకూడదు. ‘నేచురల్’ అన్న మాటను చూసి గోడ జాజును ఎంచుకొనేవారు ప్రమాదం ఎక్కువున్న దాన్నే ఎంచుకుంటున్నారు. మన దేశంలో సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను సౌందర్య సాధనాలకు రంగుగా వాడటం నిషిద్ధం. అనుమతించిన రంగుల జాబితా భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 4707 మొదటి భాగంలో ఉంది.

రంగు కొనేటప్పుడు ఆకర్షణీయమైన పేరును పక్కనపెట్టి సీఐ (కలర్ ఇండెక్స్) సంఖ్యను చూడాలి. ఒకే వర్ణకానికి ఏ దేశంలోనైనా అదే సంఖ్య ఉంటుంది. ఎర్ర ఇనుప ఆక్సైడ్ 77491, పసుపుది 77492, నల్లది 77499, అల్ట్రామెరైన్ నీలం 77007, క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ 77288, టైటానియం డయాక్సైడ్ తెలుపు 77891. ఇవన్నీ క్షారంలో నిలుస్తాయి. అల్ట్రామెరైన్‌కు ఆమ్లమంటే పడదు. ఆమ్లం తగిలితే కుళ్లిన గుడ్డు వాసనతో విరిగిపోతుంది కాబట్టి ఆ సబ్బులో నిమ్మరసం, వెనిగర్ వేయకూడదు.

తళుకుపొడి అసలు వస్తువు అభ్రకం, సీఐ 77019. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలో ఒకప్పుడు విస్తారంగా తవ్వినది ఇదే. అభ్రకం రేకుకు సొంతంగా రంగు తక్కువ, దాని మీద పూసిన పూతే రంగునిస్తుంది. కాబట్టి ఆ పూత ఏదో తెలుసుకోవాలి. ఇనుప ఆక్సైడ్, అల్ట్రామెరైన్, టైటానియం పూతలైతే నిశ్చింతగా వాడవచ్చు. పూతలో 77510 ఉంటే అది ప్రష్యన్ నీలం. క్షారంలో విరిగి ఇనుప తుప్పురంగుకు దిగుతుంది. 77742 మాంగనీస్ ఊదా కూడా నిలవదు. ఈ రెండింటి వల్ల చర్మానికి ముప్పేమీ లేదు, అచ్చు తీసేసరికి రంగు మాత్రం మిగలదు. సీఐ సంఖ్య ఇవ్వని, ‘సబ్బుకూ కొవ్వొత్తికీ రెజిన్‌కూ పనికొస్తుంది’ అని మాత్రమే రాసిన పొట్లాన్ని కొనకుండా వదిలేయడం మంచిది.

సబ్బులో అసలే వేయకూడని రంగులు మన ఇళ్లలోనే చాలా ఉన్నాయి. హోలీ రంగులు, ముగ్గు రంగులు, బట్టల అద్దకం పొడులు, కొవ్వొత్తి రంగులు, మైనపు క్రేయాన్లు చర్మం కోసం చేసినవి కావు. కొట్లో అమ్మే కుంకుమలో ఏ రంగు కలిసిందో పొట్లం మీద తరచుగా ఉండదు. కొన్ని సింధూరాల్లో సీసం ఉన్నందున అమెరికా ఆహార, ఔషధ సంస్థ వాటి గురించి హెచ్చరించింది కూడా. ‘నల్ల గోరింట’ పొడుల్లో చర్మాన్ని తీవ్రంగా పొక్కించే పీపీడీ అనే రసాయనం కలిసి ఉండవచ్చు. కేకుల్లో వేసే మిఠాయి రంగులు తినడానికి అనుమతించినవే అయినా నీటిలో కరిగేవి కావడంతో పక్క పొరలోకి పాకుతాయి, కొన్ని క్షారంలో రంగు మారతాయి, నురుగుకూ రంగు పూస్తాయి. చేతిపనుల కోసం అమ్మే ప్లాస్టిక్ మెరుపు ముక్కలు కంటిలో పడితే గీరుతాయి, మురుగునీటిలో కలిసి పోతాయి; వాటితో వచ్చే అందం కూడా అంతంతమాత్రమే.

పాళ్లు, కాస్టిక్ సోడాతో జాగ్రత్తలు

ఈ సబ్బుకు కొబ్బరి నూనె 150 గ్రాములు, ఆలివ్ పోమేస్ నూనె 300 గ్రాములు, ఆముదం 50 గ్రాములు, కాస్టిక్ సోడా 70 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 140 గ్రాములు కావాలి. నూనెల సపోనిఫికేషన్ విలువల (ఒక్కో నూనె సబ్బుగా మారడానికి ఎంత కాస్టిక్ పడుతుందో చెప్పే లెక్కల) ప్రకారం 74 గ్రాముల కాస్టిక్ సోడా పూర్తిగా పడుతుంది. సుమారు 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మానికి మృదువుగా ఉండేందుకు 70కి తగ్గించాము. ఒక నూనె బదులు మరొకటి వేస్తే ఈ లెక్క చెల్లదు. కొబ్బరి నూనెకు గ్రాముకు 0.183 గ్రాముల కాస్టిక్ పడితే, ఆలివ్‌కు 0.134, ఆముదానికి 0.128 మాత్రమే పడుతుంది. అన్నింటినీ గ్రాముల్లోనే, డిజిటల్ తూనికమీదే తూచాలి. నీళ్లను కూడా కప్పుతో కొలవకూడదు. బోరు నీళ్లలోని సున్నం, ఇనుము సబ్బు మీద తెట్టెను, నారింజ మచ్చలను తెస్తాయి కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌నే వాడాలి.

గిన్నెల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. చాలా ఇళ్లలో ‘సిల్వర్ గిన్నె’, ‘సత్తు గిన్నె’ అని పిలిచేవి అల్యూమినియంవి. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినేస్తూ మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. స్టీలు గిన్నెలు, అడుగున 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పాత్రలు వాడాలి. గాజు పాత్ర కాస్టిక్ వేడికి ఎప్పుడైనా పగలవచ్చు. సబ్బుకు వాడిన పాత్రలను వంటకు మళ్లించకుండా విడిగా ఉంచుకోవడం మంచిది.

కళ్లద్దాలు కాదు, కళ్లను అన్నివైపులా మూసే రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. మోచేతుల దాకా తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు చెప్పులు ఉండాలి. పిల్లలు, పెంపుడు జంతువులు ఆ గదిలో ఉండకూడదు. కిటికీ తెరిచి, నీళ్లను ముందు పాత్రలో తీసుకొని, కాస్టిక్ పలుకులను కొద్దికొద్దిగా నీళ్లలో వేస్తూ కలపాలి. కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, పోస్తే ఉడికి ఎగజిమ్ముతుంది. ఆ నీళ్లు క్షణాల్లో మరుగుకు దగ్గరగా వేడెక్కుతాయి, వచ్చే ఆవిరిని పీల్చకూడదు. చర్మం మీద పడితే వెనిగర్ కోసం వెతకకుండా కుళాయి కింద పావుగంటకు తగ్గకుండా కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరాలి. కాస్టిక్ గాలిలోని తేమను పీల్చుకొని బలం కోల్పోతుంది, అందుకే డబ్బా మూత గట్టిగా బిగించి, ‘విషం’ అని రాసి, అందని ఎత్తులో పెట్టాలి. కాస్టిక్‌ను తాకడం ఇష్టంలేనివారు, పిల్లలతో కలిసి చేయాలనుకునేవారు ముందే తయారై వచ్చే, కరిగించి పోసే సోప్ బేస్‌తో మొదలుపెట్టవచ్చు. రంగుల ఎంపిక గురించిన భద్రతా నియమాలు అక్కడా ఇవే.

రంగులు సిద్ధం చేయడం

కాస్టిక్ నీళ్లు చల్లారేలోగా రంగులను కలిపి పెట్టుకోవాలి, తరువాత సమయం ఉండదు. పొడులు తేలిగ్గా ఎగురుతాయి కాబట్టి మాస్కు కట్టుకోవాలి. ముందే తూచిన ఆలివ్ నూనెలోంచి మూడు నాలుగు చెంచాలు తీసి చిన్న గిన్నెల్లో పోసి, రంగును అందులో ఉండలు లేకుండా రుబ్బాలి.

మొత్తం మిశ్రమం దాదాపు 710 గ్రాములు వస్తుంది. దానిలో 400 నేలకు, 120 ఎరుపుకు, 120 నీలానికి, మిగిలిన 70 నలుపుకు. నేలకు ఏ రంగూ వేయనక్కరలేదు. ఆలివ్ నూనె తనంతట తానే లేత దంతపు వన్నెనిస్తుంది. సిరియాలోని అలెప్పో సబ్బు ఇలా నూనెల సొంత రంగు మీదే నిలబడింది. నెలల తరబడి ఆరి పైభాగం బంగారువన్నెకు మారినా, కోస్తే లోపల ఆకుపచ్చగానే కనిపిస్తుంది. మన నేల కొంచెం మెత్తగా కనిపించాలంటే చెంచాడు కయోలిన్ మట్టిని నీటిలో కలిపి వేయవచ్చు. టైటానియం డయాక్సైడ్ వేసి తెల్లగా చేయాలన్న కోరికను మాత్రం అణచుకోండి. ఎక్కువైతే సబ్బులో గాజు చారలు పడతాయి, పైగా కలంకారీ నేల తెల్లగా ఉండదు.

ఎరుపుకు మంజిష్ఠ పొడి పావు చెంచా, దానికి చిటికెడులో సగం ఎర్ర ఇనుప ఆక్సైడ్. మంజిష్ఠ ఒక్కటే వేస్తే గులాబీ వైపు జారుతుంది, ఆక్సైడ్ ఒక్కటే వేస్తే పెంకురంగు అవుతుంది. రెండూ కలిస్తే వస్త్రంలోని ఎరుపుకు దగ్గరవుతుంది. నీలానికి పావు చెంచా అల్ట్రామెరైన్, దానిలో సూదిమొన మీద నిలిచేంత నల్ల ఆక్సైడ్. ఆ కొద్ది నలుపు లేకపోతే నీలం మరీ పెట్రేగి మిగిలిన రంగులను మింగేస్తుంది. నలుపుకు పావు చెంచాకు మించకుండా నల్ల ఆక్సైడ్ గానీ, సౌందర్య సాధనాలకు అమ్మే యాక్టివేటెడ్ బొగ్గు గానీ వేయాలి. ఏ రంగు ఎక్కువైనా నురుగు రంగులోకి దిగుతుంది. సబ్బు ఎంత రంగుగా ఉన్నా నురుగు తెల్లగా ఉండాలన్నది రంగు మోతాదుకు నమ్మదగిన కొలత.

కలపడం, పోయడం

నూనెలు, కాస్టిక్ నీళ్లు రెండూ 35 నుంచి 40 డిగ్రీల మధ్యకు వచ్చాక, కాస్టిక్ నీళ్లను నూనెల్లోకి వడగట్టి పోయాలి. విజయవాడ, రామగుండం ఎండల్లో గది వేడే ఆ స్థాయికి చేరుతుంది కాబట్టి తెల్లవారుజామున చేయడం మేలు. హ్యాండ్ బ్లెండర్‌ను కొద్ది క్షణాలు నడిపి, ఆపి, గరిటెతో కలుపుతూ పోవాలి. మిశ్రమం పైకి ఎత్తి వదిలిన ధార అట్లపిండిలా ఉపరితలం మీద చిన్న జాడ మిగిల్చి మెల్లగా కలిసిపోతే దాన్ని ట్రేస్ అంటారు. అంతకన్నా ముందే, నూనె తేట ఎక్కడా తేలకుండా కలిసిపోయిన క్షణంలో బ్లెండర్ ఆపాలి. కొత్తవారు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. గట్టిపడిన మిశ్రమంతో సుడులు రావు, ముద్దలు వస్తాయి.

సువాసన కావాలంటే నిమ్మగడ్డి నూనె 10 గ్రాములు ఇప్పుడు కలపవచ్చు. లవంగ నూనె మిశ్రమాన్ని నిమిషాల్లో గట్టిపరుస్తుంది, చర్మానికి కూడా ఘాటు. వనిల్లా కలిసిన అత్తర్లు సబ్బును వారాల్లో గోధుమరంగుకు తెస్తాయి, శ్రమపడి ఎంచుకున్న నేల మాయమవుతుంది.

ఇప్పుడు మిశ్రమాన్ని భాగాలుగా పంచి రంగులు కలపాలి. ఎరుపు భాగాన్ని, నేలలో సగాన్ని బ్లెండర్‌తో మరికొంత చిక్కపరచాలి, నీలం, నలుపు, మిగిలిన నేల జారుగానే ఉండాలి. బటర్ పేపర్ పరిచిన చెక్క అచ్చులో చిక్కటి నేలను పోసి, అచ్చును బల్లకు తట్టి చదును చేయాలి. దాని మీద టీ వడపోతతో బొగ్గుపొడిని పలచగా జల్లాలి. కోసినప్పుడు కలం గీతలా కనిపించేది ఇదే. పొడి మందమైతే రెండు పొరలూ అతుక్కోక సబ్బు అక్కడే విడిపోతుంది, అడుగు పొర కనీకనబడకుండా కప్పితే చాలు. ఎర్ర మిశ్రమాన్ని నేరుగా పోస్తే గీత చెదురుతుంది కాబట్టి గరిటెను పొరకు ఆనించి, దాని వెనుక భాగం మీదుగా జార్చాలి. మళ్లీ ఒక పలచని బొగ్గు గీత.

చివరి భాగంలో మీ చేతివాటం కనిపిస్తుంది. మిగిలిన నేల ఉన్న గిన్నెలో నీలాన్ని మూడు చోట్ల ఎత్తు నుంచి పోయండి, నలుపును ఒకచోట సన్నని ధారగా పోయండి. గరిటెను గిన్నెలో ఒక్కసారి చుట్టు తిప్పి ఆపండి. ఇంకొక్కసారి తిప్పాలనిపిస్తుంది, తిప్పితే మేఘంలా కలిసిపోయి గీతలు చెడతాయి. ఆ గిన్నెను అచ్చు పొడవునా కదుపుతూ గరిటె మీదుగా పోయాలి. పెడనలో చెక్కిన చిన్న కొత్త అచ్చు మీ దగ్గర ఉంటే, రెండు మూడు రోజుల తరువాత కోసిన ముక్కల పైన దాన్ని అద్దవచ్చు. గుడ్డల అద్దకానికి వాడిన పాత అచ్చును మాత్రం వాడకూడదు, దాని సందుల్లో ఏ రంగు దాగి ఉందో తెలియదు.

అచ్చును అట్టపెట్టెతో కప్పి కదపకుండా ఉంచాలి. లోపల వేడెక్కి జెల్ దశకు, అంటే ముద్ద మెత్తబడి కొంత పారదర్శకంగా కనిపించే దశకు వస్తే రంగులు మరింత ముదురుతాయి. మధ్యలో మాత్రమే జెల్ అయితే కోతలో ముదురు వృత్తం కనిపిస్తుంది. వేసవిలో వేడి ఎక్కువై పైభాగం పగిలితే కప్పు తీసి గాలి తగలనివ్వాలి.

కోయడం, ఆరబెట్టడం, పరీక్షించడం

ఒకటి రెండు రోజుల్లో సబ్బు వెన్నముద్దకన్నా గట్టిపడుతుంది. తొడుగులు వేసుకొనే అచ్చు తీయాలి, అది ఇంకా పూర్తిగా సబ్బు కాలేదు. దిమ్మెను పక్కకు పడుకోబెట్టి కోయండి. పైనుంచి కిందికి కోస్తే కత్తి బొగ్గును ఈడ్చుకొచ్చి నేల అంతా మరక చేస్తుంది, పక్కకు పెడితే కత్తి గీత వెంబడే వెళుతుంది. కోతలో తెల్లని పొడి గూళ్లు, ద్రవం ఊరే సందులు కనిపిస్తే కలవని కాస్టిక్ ఉన్నట్టే. ఆ సబ్బును ఎంత అందంగా వచ్చినా ఒంటికి వాడకూడదు. పైన సన్నని తెల్లపొర పట్టడం వేరు, అది గాలితో కలిసి ఏర్పడిన సోడా బూడిద, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ముక్కల మధ్య ఖాళీ వదిలి, వెదురు తడిక మీద నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. ఆలివ్ ఎక్కువున్న సబ్బు ఇంకా ఆగితే ఇంకా బాగుంటుంది. కోస్తా ఊళ్లలో వానకాలం గ్లిజరిన్ తేమను లాగి ముక్కల మీద చెమట పడుతుంది, ఫ్యాను గాలి తగిలేచోట పెడితే తగ్గుతుంది.

ఆరేలోగా ఒక ముక్కను సగానికి కోసి, ఒక సగాన్ని కిటికీ దగ్గర, మరొక సగాన్ని బీరువాలో ఉంచండి. నెల తరువాత పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రంగు వెలుతురుకు ఓడిందో తెలుస్తుంది. మంజిష్ఠ కొంత తగ్గవచ్చు, ఆక్సైడ్లు, అల్ట్రామెరైన్ తగ్గవు. పూర్తిగా ఆరిన ముక్కతో తెల్లని రుమాలు ఉతికి చూడండి. మరక పడితే తదుపరి విడతలో రంగు తగ్గించాలి. వాడేముందు మోచేతి లోపలివైపు నురుగు రాసి కడిగి ఒకరోజు ఆగాలి. ఎరుపు, దురద కనిపిస్తే చాలాసార్లు కారణం రంగు కన్నా సువాసన నూనె అయి ఉంటుంది, కాబట్టి సువాసన లేకుండా ఒక విడత చేసి పోల్చుకోండి.

ఇతరులకు ఇచ్చేటప్పుడు

బహుమతిగా ఇచ్చే సబ్బు మీద చేసిన తేదీ, నూనెల పేర్లు, సువాసన నూనె పేరు, రంగుల సీఐ సంఖ్యలు రాసిన చీటీ అంటించాలి. ఎవరికైనా పడని పదార్థం ఉంటే ఆ చీటీయే కాపాడుతుంది. అమ్మాలంటే చీటీ చాలదు. మన దేశంలో సౌందర్య సాధనాల నియమాలు 2020 ప్రకారం సబ్బు తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు కావాలి, లైసెన్సు లేకుండా వంటింట్లో చేసి సంతల్లో అమ్మడం ఆ నియమాలకు విరుద్ధం. అమెరికాలో ఉన్నవారికి లెక్క కొంచెం భిన్నం: శుభ్రపరుస్తుందని మాత్రమే చెప్పే అసలైన సబ్బు వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ పరిధిలోకి వస్తుంది, చర్మాన్ని మెత్తబరుస్తుందని, అందాన్ని పెంచుతుందని రాయగానే అది సౌందర్య సాధనమై అనుమతించిన రంగుల జాబితా వర్తిస్తుంది. ఆ జాబితాలో ఇనుప ఆక్సైడ్లు, అల్ట్రామెరైన్, అభ్రకం, జాఫ్రా ఉన్నాయి. నీలి, బొగ్గు లేవు. కాబట్టి అక్కడ అమ్మదలచినవారు ఈ సబ్బులోని నలుపు భాగానికి, గీతలకు రెండింటికీ బొగ్గు బదులు 77499నే వాడుకోవాలి. మంజిష్ఠ కూడా ఆ జాబితాలో లేదు, ఎరుపుకు 77491తో సరిపెట్టుకోవాలి.